గేజ్ 15 దగ్గరే ఉంది, సంచులు మాత్రం పుల్లబడుతున్నాయి: ఒక స్పాన్ యూనిట్ కేసు

సిద్దిపేట వైపు మిల్కీ మష్రూమ్ అనే పుట్టగొడుగుకి స్పాన్, అంటే ఉడికించిన జొన్న గింజల మీద పెంచి సంచుల్లో అమ్మే విత్తనం, చేసే చిన్న యూనిట్ ఇది, భార్యాభర్తలిద్దరూ నడుపుతారు, ఇద్దరు కుర్రాళ్ళు పనిలో ఉంటారు. పేరు, ఊరు వద్దన్నారు, మిగతాదంతా రాసుకోమన్నారు. చలికాలం మొత్తం బానే నడిచిన యూనిట్‌లో మార్చి చివరి నుంచి సంచులు పోవడం మొదలైంది, ఏప్రిల్‌కొచ్చేసరికి కొన్ని లోడ్లలో (ఒకసారి కుక్కర్‌లో ఉడికే సంచులన్నీ కలిపి ఒక లోడ్) సగానికి పైనే పారేస్తున్నారు, బయటకి బానే కనపడి అమ్మేసిన వాటి మీద కూడా రైతుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మిల్కీ మష్రూమ్ అంటే ఎండాకాలం పంట కదా, 30 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది, ఆయిస్టర్ పుట్టగొడుగు వేసేవాళ్ళు చాలామంది మార్చి నుంచి దీనికి మారతారు, అంటే స్పాన్‌కి డిమాండ్ పెరిగే టైమ్‌లోనే ఇదంతా జరిగింది. ఆ డిమాండే కారణాల్లో ఒకటి అని తర్వాత తేలింది, అది కింద చెప్తా.

ముందు పోయిన సంచి ఎలా ఉందో చెప్పాలి, ఎందుకంటే సగం మంది ఇక్కడే తప్పు దారి పడతారు. పచ్చ పొడి లేదు, నల్ల మచ్చ లేదు. జొన్న గింజలు ఒక చోట ముద్దగా అతుక్కుపోయి, అంచులు తడిగా, గాజులా పారదర్శకంగా, సంచి లోపలి వైపు బూడిద రంగు జిగురు. దూది బిరడా కొంచెం లూజ్ చేసి వాసన చూస్తే పులిసిన వాసన ముక్కుకి కొడుతుంది. మైసీలియం, అంటే పుట్టగొడుగు దారాల అల్లిక, తెల్లగా అల్లుకుంటూ వచ్చి ఆ తడి మచ్చ దగ్గరకి రాగానే గీత గీసినట్టు ఆగిపోయింది. ఇది బ్యాక్టీరియా, ఎక్కువగా బాసిల్లస్ జాతివి. ఇంగ్లీషులో వెట్ స్పాట్ అనీ, సోర్ రాట్ అనీ అంటారు. వీళ్ళకి మాత్రం మందుల షాపులో ఎవరో ఫంగస్ అని చెప్పి కార్బెండజిమ్ ఇచ్చారు, దాన్ని జొన్న ఉడికించే నీళ్ళలో కూడా కలిపారు. కార్బెండజిమ్ శిలీంద్రనాశిని, బ్యాక్టీరియా మీద అది ఏమీ చెయ్యదు. పైగా మనం పెంచుతున్నదే ఒక శిలీంద్రం. వరిగడ్డి నానబెట్టేటప్పుడు ఫార్మలిన్‌తో పాటు కార్బెండజిమ్ వాడే పద్ధతి ఒకటి ఉంది, అది ట్రైకోడెర్మా లాంటి పోటీ బూజుల కోసం, దాన్ని తెచ్చి స్పాన్ గింజల్లో కలపడానికి అర్థమే లేదు.

రైతుల దగ్గరి బెడ్లు, అంటే వరిగడ్డి మధ్య పొరలుగా స్పాన్ చల్లి కట్టినవి, కూడా చూశా. అక్కడ చూడాల్సింది ఒకటే, కుళ్ళు ఎక్కడ మొదలైంది అని. గడ్డిలో తడి ఎక్కువై కుళ్ళితే బెడ్ అడుగున మొదలవుతుంది, నీళ్ళు కిందకి దిగి అడుగు మొత్తం గోధుమ రంగులో మెత్తబడుతుంది, అది స్పాన్ అమ్మినవాడి తప్పు కాదు. గడ్డి పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారితే ఆ బెడ్ ఎవరి స్పాన్ వేసినా పోతుంది. ఇక్కడ అలా లేదు. అడుగు బానే ఉంది, పొరలు పొరలుగా స్పాన్ చల్లిన చోటే గింజల చుట్టూ తడి వలయాలు, మధ్యలో గడ్డి ఇంకా పచ్చిగానే, వాసనకి చిన్న ఈగలు ముసురుతున్నాయి. ఇద్దరు ముగ్గురు రైతుల దగ్గర ఇదే తీరు కనపడింది. ఒక రైతు దగ్గర మాత్రం రెండూ ఉన్నాయి, ఆయన గడ్డి కూడా సరిగ్గా ఆరబెట్టలేదు, కానీ ఆయనే అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు యూనిట్ వాళ్ళ అనుమానాలు. భర్తేమో ఎండ అంటాడు. భార్య కల్చర్, అంటే ల్యాబ్‌లో పెంచే మూల మైసీలియం, వీక్ అయ్యిందంటుంది. మధ్యలో ఎవరో లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వదిలే పెట్టె) ఫిల్టర్ పోయిందని చెప్తే కొత్త హెపా ఫిల్టర్ వేయించారు, దానికి బోలెడు ఖర్చు, ఏమీ మారలేదు. ఇంకొకరు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలపమన్నారట, అదొక్కటీ అదృష్టం కొద్దీ ఇంకా చెయ్యలేదు. అగార్ ప్లేట్‌లో (పోషక జెల్లీ పోసిన పళ్ళెం) కల్చర్ శుభ్రం చేసుకోడానికి యాంటీబయాటిక్ వాడటం వేరు, అది ల్యాబ్ పని. తినే పంటకి వెళ్ళే గింజల్లో పోయడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు, పైగా నిద్రలో ఉన్న స్పోర్‌ని, అంటే పెంకులో దాక్కున్న బ్యాక్టీరియాని, అది చంపదు, కొన్నాళ్ళు దాస్తుంది అంతే. దాచినది రైతు బెడ్‌లో లేస్తుంది.

అందరూ ఇనాక్యులేషన్ గదినే, అంటే ఉడికిన గింజల్లో మైసీలియం కలిపే చోటునే, చూస్తున్నారు, ఎందుకంటే కంటామినేషన్ అనగానే గాలిలోంచి పడింది అనుకుంటాం. నేను ఈ పనిలో నేర్చుకున్నది ఏంటంటే ముందు సూక్ష్మజీవి పేరు కాదు, అది పడిన తీరు చూడాలి. సంచులు అక్కడక్కడా చెదురుమదురుగా పోతుంటే చేతులు, గాలి, ఇనాక్యులేషన్. ఒకే మదర్ సంచి (మిగతా సంచుల్లో కలపడానికి ముందుగా పెంచుకునే మూల స్పాన్) నుంచి వేసినవన్నీ పోతే మదర్. మచ్చ మెడ దగ్గర మొదలైతే దూది. లోడ్లు లోడ్లుగా పోతుంటే స్టెరిలైజేషన్, అంటే కుక్కర్‌లో ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపడం. వీళ్ళ రిజిస్టర్‌లో తారీఖు, సంచుల లెక్క మాత్రమే ఉంది, ఏ సంచి ఏ లోడ్‌లోదో, కుక్కర్‌లో ఎక్కడ పెట్టిందో, ఏ మదర్ నుంచి వచ్చిందో ఏమీ లేదు, కాబట్టి పాత సంచుల నుంచి తెలుసుకునేది లేకపోయింది.

అందుకని మార్కర్ తెప్పించి ప్రతి సంచి మీదా లోడ్ నంబరు, పైనా మధ్యా కిందా, అంచా నడుమా, మదర్ నంబరు రాయించా. ఇంకొకటి, ప్రతి లోడ్‌లో కొన్ని సంచులకి ఇనాక్యులేషన్ చెయ్యకుండా, మెడ విప్పకుండా, అలాగే వెచ్చటి గదిలో వారం పాటు పెట్టేయమన్నా. ఖాళీ సంచి అంటాం మేము. అమ్మేది కాదు కదా అని వాళ్ళ మనసొప్పలేదు, ఒక్కో సంచికి జొన్న, గ్యాసు, కూలీ అన్నీ పడతాయి మరి. కానీ ఈ ఖాళీ సంచి చెప్పినంత నిజం ఏ పరికరం చెప్పదు. మైసీలియం వెయ్యలేదు, మూత తియ్యలేదు, అయినా పుల్లబడితే తప్పు అంతకుముందే జరిగినట్టు.

పుల్లబడ్డాయి. నాలుగో రోజుకే కొన్నింటిలో జిగురు కనపడింది, వారానికి ఇంకొన్ని. గుర్తులు చూస్తే ఎక్కువ పోయినవి మధ్య వరసలో నడుమ ఉన్నవి, కొన్ని అడుగున ఉన్నవి, పైన అంచుల్లో పెట్టినవి దాదాపు అన్నీ బానే ఉన్నాయి. అంటే హెపా ఫిల్టర్‌కి పెట్టిన డబ్బు వృథా, నేను ఆ మాట ఆయనతో అనలేదు, ఆయనే అనుకున్నాడు.

బాసిల్లస్ సంగతి కొంచెం చెప్పాలి ఇక్కడ. మామూలు బ్యాక్టీరియా ఉడికిస్తే చస్తుంది. ఇది పరిస్థితి బాగోకపోతే ఎండోస్పోర్‌గా మారి గట్టి పెంకు లోపల కూర్చుంటుంది, 100 డిగ్రీల్లో గంటల తరబడి మరిగించినా కొన్ని బతికే ఉంటాయి. మట్టిలో, దుమ్ములో, జొన్న గింజ పొట్టు మీద ఎప్పుడూ ఉంటుంది, లేకుండా చెయ్యడం మన చేతిలో లేదు. దాన్ని చంపాలంటే ప్రెషర్‌లో తడి ఆవిరితో 121 డిగ్రీలు, అదీ కుక్కర్ గోడ దగ్గర కాదు, సంచి మధ్యలో ఉన్న గింజకి ఆ వేడి చేరి కొంతసేపు నిలబడాలి. చేరకపోతే ఏమవుతుందంటే పోటీకొచ్చే మిగతా జీవులన్నీ చచ్చి, ఉడికిన పిండి పదార్థం, తడి, వెచ్చదనం అన్నీ సిద్ధంగా ఉన్న చోట ఈ స్పోర్లు నిద్ర లేస్తాయి. మంచి వేడిలో బాసిల్లస్ అరగంట లోపే రెట్టింపు అవుతుంది, మన మిల్కీ మైసీలియం సంచి నిండటానికి రెండు మూడు వారాలు తీసుకుంటుంది. ఆయన ఎండ అన్నది పూర్తిగా తప్పేం కాదు, ఏప్రిల్‌లో ఆ రేకుల షెడ్డు గదిలో 36, 37 ఉంటోంది, బాసిల్లస్‌కి అంతకంటే ఏం కావాలి. కానీ ఎండ స్పోర్లని పుట్టించలేదు, ఉన్నవాటిని లేపింది. చలికాలంలో కూడా ఈ స్పోర్లు సంచుల్లో ఉండి ఉంటాయి, లేచే లోపు మైసీలియం అల్లుకుపోయి ఉంటుంది.

ఇక కుక్కర్ దగ్గరికి. నిలువు డ్రమ్ము ఆటోక్లేవ్, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదే, గ్యాసు పొయ్యి మీద. నడిపే కుర్రాడు చురుకైనవాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు.

"సార్, గేజ్ 15 సూపిస్తనే ఉంటది, గంట సేపు ఇడ్సిపెట్టి సూస్కుంటనే కూసుంట నేను."

"గాలి వదిలే కాక్ ఎప్పుడు మూస్తున్నవ్ తమ్ముడూ?"

"ఆవిరి రాంగనే మూస్త. లేకుంటే గ్యాస్ ఊకె పోతది గద సార్."

దొరికింది. గేజ్ కొలిచేది ఒత్తిడి, వేడి కాదు. లోపల ఉన్నది మొత్తం ఆవిరే అయితే 15 పీఎస్‌ఐ దగ్గర 121 డిగ్రీలు. గాలి కూడా కలిసి ఉంటే ముల్లు అదే 15 మీద నిలబడుతుంది, వేడి మాత్రం ఉండదు. మైక్రోబయాలజీ పుస్తకాల్లో ఉండే పాత లెక్క ప్రకారం లోపలి గాలిలో సగమే బయటకి పోయి ఉంటే 15 పీఎస్‌ఐ దగ్గర 112, మూడో వంతే పోయి ఉంటే 109. గాలి ఆవిరి కంటే బరువు కాబట్టి అది సంచుల మధ్య సందుల్లో, కింద వైపు చిక్కుకుపోతుంది. ఇంట్లో ఆడవాళ్ళు ప్రెషర్ కుక్కర్ మీద ఆవిరి ధారగా, గట్టిగా వచ్చాకే విజిల్ పెడతారు, సరిగ్గా అదే సూత్రం. తొలి ఆవిరి పొగలో ఇంకా గాలే ఎక్కువ ఉంటుంది.

నమ్మకం కోసం మాక్సిమమ్ థర్మామీటర్లు పెట్టి చూశాం, ఎక్కిన పాదరసం దిగకుండా అక్కడే నిలిచేవి. అమ్మకానికి కాని రెండు సంచుల్లో గింజల మధ్య గుచ్చి, ఒకటి పైన అంచున, ఒకటి మధ్య వరస నడుమ పెట్టి, వాళ్ళు రోజూ చేసినట్టే చెయ్యమన్నా. పైనది 115 చూపించింది. నడుమది 108 దగ్గరే ఆగింది. వేడి తగిలితే చారలు తేలే ఆటోక్లేవ్ టేపు మాత్రం అన్ని సంచుల మీదా చక్కగా చారలు తేలింది, ఆ టేపుని చూసే వాళ్ళు ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నారు. టేపు సంచి బయట అంటించేది, లోపలి గింజ సంగతి దానికేం తెలుసు.

డిమాండ్ సంగతి ఇక్కడ వస్తుంది. చలికాలంలో అదే డ్రమ్ములో వదులుగా సంచులు పెట్టేవాళ్ళు, మార్చి నుంచి ఆర్డర్లు పెరిగేసరికి మూత తగిలేదాకా కుక్కుతున్నారు, సంచి సైజు కూడా కిలో నుంచి రెండు కిలోలకి మార్చారు. టైమ్ మాత్రం అదే గంట. కిలో సంచి మధ్యకి వేడి చేరే టైమ్‌కి రెండు కిలోల సంచి మధ్యకి చేరదు, పైగా సంచికి సంచి అతుక్కుని ఉంటే ఆవిరి వెళ్ళే దారే లేదు. అడుగు వరస పోవడానికి ఇంకో కారణం దొరికింది, జాలీ స్టాండ్ ఒక కాలు వంగిపోయి పక్కకి ఒరిగింది, నీళ్ళు మరిగేటప్పుడు అటువైపు సంచులు నీళ్ళలో మునుగుతున్నాయి. చిన్న వెల్డింగ్ పని, ఎవరూ పట్టించుకోలేదు.

స్టెరిలైజేషన్ ఒక్కటే సరిచేసి వచ్చేయొచ్చు, కానీ జొన్న చూశాక ఆగలేకపోయా. అంతకుముందు తాండూరు వైపు నుంచి యాసంగి జొన్న తెచ్చుకునేవాళ్ళు, తెల్లగా, నిండుగా ఉండేది, ఎందుకంటే అది చలిలో పెరిగి పొడి వాతావరణంలో కోతకొస్తుంది. రేటు పెరిగిందని ఈసారి వానాకాలం జొన్న కొన్నారు, కంకి మీద ఉండగా వానకి తడిసినది. గింజ మూతి దగ్గర నల్లగా, గులాబీగా మచ్చలు, చేతిలో నలిపితే పొడి రాలుతోంది, నూకలు బాగా ఉన్నాయి. ఇలాంటి గింజ మీద మొదటే సూక్ష్మజీవుల లోడు ఎక్కువ, ఆటోక్లేవ్‌కి పని రెట్టింపు. నూకలైతే ఉడకగానే పగిలి పిండి బయటకి వచ్చేస్తుంది, ఆ పిండి గింజల్ని ముద్ద చేస్తుంది, ముద్ద మధ్యకి ఆవిరి వెళ్ళదు, తర్వాత బ్యాక్టీరియాకి తిండి కూడా అదే. కిలోకి కొన్ని రూపాయలు మిగిలాయి, లోడుకి లోడు పోయింది.

నానబెట్టడం కూడా మానేశారు, టైమ్ లేదని నేరుగా ఉడికిస్తున్నారు. ఇది చాలామందికి తెలియదు, జొన్నని రాత్రంతా నానబెట్టేది మెత్తబడటానికే కాదు. తడి తగలగానే కొన్ని ఎండోస్పోర్లు పెంకు వదిలి మామూలు బ్యాక్టీరియాగా మారతాయి, అప్పుడు వాటిని చంపడం చాలా తేలిక. 1877లో శాస్త్రవేత్త జాన్ టిండాల్ చూపించింది ఇదే కదా, ప్రెషర్ లేకుండా మరిగే వేడితోనే, మధ్యలో విరామం ఇస్తూ మళ్ళీ మళ్ళీ వేడి చేస్తే విరామంలో లేచిన స్పోర్లు తర్వాతి వేడికి చస్తాయి. ఇప్పటికీ ఆటోక్లేవ్ లేనివాళ్ళు డ్రమ్ములో వరసగా మూడు రోజులు ఆవిరి పడతారు. పని చేస్తుంది, కాకపోతే నమ్మకంగా అమ్మే యూనిట్‌కి నేను సలహా ఇవ్వను.

ఉడికించాక ఆరబెట్టడం ఇంకో గొడవ. గోనె మీద పరిచి ఫ్యాన్ కింద పావుగంట ఉంచి నింపేస్తున్నారు. గింజ ఉడకాలి, గోటితో నొక్కితే లోపల తెల్ల బలపం ఉండకూడదు, అలాగని పగలకూడదు. పైన తడి మెరుపు పూర్తిగా పోవాలి. గుప్పెడు గింజలు పేపరు మీద పోసి దులిపేస్తే తడి మరక పడకూడదు, అదే నా కొలత, ఏ మీటరూ అక్కర్లేదు. అప్పుడు కాల్షియం కార్బనేట్ కిలోకి 20 గ్రాములు కలిపితే గింజకి గింజ విడివిడిగా ఉంటుంది. వీళ్ళ సంచులు నింపిన గంటకే అడుగున నీళ్ళు చేరుతున్నాయి, ఆ నీళ్ళ దగ్గరే మొదటి మచ్చ.

ఏం మార్చామంటే, జొన్న మళ్ళీ యాసంగిది, జల్లెడ పట్టి, కడిగి, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికించడం. కుక్కర్‌లో సంచులు నిలువుగా, మధ్యలో చెయ్యి దూరేంత సందు. కాక్ తెరిచే ఉంచి ఆవిరి ఆగకుండా ధారగా వస్తూ పావుగంట అయ్యాకే మూయడం. 15 చేరిన దగ్గర నుంచి లెక్కపెట్టి రెండు గంటలు. 22 పీఎస్‌ఐలో పెట్టే యూనిట్లు ఉన్నాయి కానీ ఈ డ్రమ్ము అంత ఒత్తిడికి తయారుచేసింది కాదు, నేను ఒప్పుకోలేదు, పేలితే స్పాన్ గురించి మాట్లాడుకోడానికి మనం ఉండం. దించేటప్పుడు ఒత్తిడి దానంతట అదే సున్నాకి రావాలి, తొందరపడి కాక్ తెరిస్తే సంచులు ఉబ్బి దూది తడుస్తుంది. ఈసారి థర్మామీటర్ నడుమ సంచిలో కూడా 120 దాటింది.

ఖాళీ సంచులు అన్నీ శుభ్రంగా నిలబడ్డాయి. వాళ్ళు పండగ చేసుకున్నారు. కానీ ఇనాక్యులేట్ చేసిన వాటిలో కొన్ని మళ్ళీ పుల్లబడ్డాయి.

ఆమె ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది, "సార్ ఇంకేం మిగిలింది, అన్నీ మీరు చెప్పినట్టే చేసినం గదా" అని. నిజానికి ఇది బాగోలేని వార్తేం కాదు, ఎందుకంటే ఈసారి సంచుల మీద గుర్తులున్నాయి. పోయినవి పై వరసా కింద వరసా అని లేదు, అన్నీ రెండు మదర్ నంబర్ల నుంచి వేసినవే. ఆ మదర్ సంచులు ఎక్కడ ఉడికాయి? అదే కుక్కర్‌లో, అదే పాత పద్ధతిలో, మార్చిలో. కంటికి తెల్లగా, చక్కగా ఉన్నాయి. బ్యాక్టీరియా కొద్దిగా ఉన్నప్పుడు మైసీలియం దాని మీద నుంచి అల్లుకుపోతుంది, కనపడదు, సంచి దులిపి కొత్త ఉడికిన గింజల్లో వేశాక, వెచ్చగా పెట్టాక అప్పుడు విజృంభిస్తుంది. ఒక మదర్ నుంచి 30 దాకా బెడ్ స్పాన్ (రైతుకి అమ్మే స్పాన్) సంచులు వేస్తారు, అంటే ఒక్క మదర్ 30 సంచుల్ని ముంచుతుంది.

దీనికి పరీక్ష చవకైనది. స్టెరిలైజ్ చేసిన న్యూట్రియంట్ బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం) చిన్న సీసాల్లో, ఒక్కో మదర్ నుంచి నాలుగైదు గింజలు వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఒక సీసాలో ఏమీ వెయ్యకుండా పక్కన పెట్టాలి, బ్రాతే పాడైతే తెలియడానికి. మర్నాటికి బ్రాత్ తేటగా ఉంటే వేసిన ఆ గింజలు బానే ఉన్నట్టు, మజ్జిగ తేటలా మసకబారితే బ్యాక్టీరియా, మైసీలియం ఒక్క రోజులో అలా చెయ్యలేదు. మేము అనుమానించిన రెండే కాదు, షెల్ఫ్‌లో ఉన్న మదర్లలో ఇంకొన్ని కూడా మసకబారాయి. మొత్తం మదర్ స్టాక్ తీసేయమన్నా, మసకబారనివి కూడా. ఆయనకి కోపం వచ్చింది, బాగున్నవి ఎందుకు అని. నాలుగు గింజలు శుభ్రంగా ఉన్నంత మాత్రాన సంచి అంతా శుభ్రమని ఎవరు చెప్పగలరు, పైగా అవన్నీ అదే నెల, అదే కుక్కర్. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ నుంచి కొత్త కల్చర్ తెప్పించి, అగార్ ప్లేట్ మీద కొన అంచు నుంచి తీసి, ప్లేట్ నుంచి కొత్త మదర్లు వేసుకున్నారు. దాదాపు నెల అమ్మకాలు ఆగిపోయాయి, సీజన్ మధ్యలో అది చిన్న దెబ్బ కాదు.

పారేసిన సంచులు ఎలా పారేశారన్నది కూడా ముఖ్యం. ముందు షెడ్డు వెనకే కుప్ప పోసేవాళ్ళు, గాలికి ఆ దుమ్మంతా జొన్న ఆరబెట్టే చోటుకే. ఇప్పుడు మూత విప్పకుండా మళ్ళీ ఉడికించి, దూరంగా గోతిలో పూడ్చి సున్నం చల్లుతున్నారు. గ్యాసు ఖర్చు పెరిగింది, లోడుకి సంచులు తగ్గాయి, సంచి రేటు కొంచెం పెంచక తప్పలేదు. రైతులకి పోయిన స్పాన్ బదులు కొత్తది ఇచ్చారు, గడ్డి, కూలీ నష్టం దగ్గర బేరాలు నడిచాయి, అవి నా పరిధి కాదు, నేను తలదూర్చలేదు. పొరల దగ్గర కుళ్ళిందా, అడుగున కుళ్ళిందా అనే తేడా మాత్రం ఇద్దరికీ చూపించా, దాంతో సగం వాదనలు తగ్గాయి. ఆ గట్టిగా అరిచిన ఆయన బెడ్ల సంగతి ఇప్పటికీ తెగలేదు.

కొత్త మదర్లతో వేసిన లోడ్లు జూన్ నుంచి నిలబడ్డాయి. ఖాళీ సంచి పెట్టే పద్ధతి మాన్పించలేదు, లోడుకి రెండు చొప్పున ఇప్పటికీ పెడుతున్నారు. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు మళ్ళీ కొన్ని సంచులు పోయాయని ఫోటోలు పంపించారు, చూస్తే మచ్చ మెడ దగ్గర మొదలై కిందకి దిగుతోంది, ఖాళీ సంచుల్లో కూడా ఒకటి రెండు అలాగే. దూది తడిసి చల్లారేటప్పుడు లోపలికి గాలి పీల్చుకుంది. బిరడా మీద పేపరు కప్పి రబ్బరు బ్యాండ్ వేసి ఉడికించమని, తడిసిన దూది కనపడితే ఆ సంచి ఇనాక్యులేషన్‌కే తీసుకోవద్దని చెప్పా.